ముడుతలు నింపే సూది: మేలెంత? కీడెంత?

సూరతు నగరం తూర్పు భాగాన, లింబాయత్‌ను దాటి ముందుకు వెళితే గోడాదరా అనే పేట వస్తుంది. గుజరాతీ, మరాఠీ, హిందీ మాటల నడుమ అక్కడ తెలుగు కూడా చెవిని పడుతుంది. తెలంగాణ జిల్లాల నుండి బ్రతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఈ చుట్టుపట్ల స్థిరపడ్డాయి. మగవారు సాంచాల మీద బట్ట నేస్తారు. ఆడవారు ఇంటిపట్టున కూర్చుని చీరలకు లేసులు కుడతారు, రాళ్ళు అద్దుతారు. నగరపాలక సంస్థ నడిపే తెలుగు మాధ్యమం పాఠశాలలు కూడా ఈ నగరంలో ఉన్నాయి.

అటువంటి ఒక ఇంట పెళ్ళి నిశ్చయమైందనుకుందాం. వధువుకు ఇరవై మూడేళ్ళు. ముహూర్తం ఇరవై రోజులలో ఉంది. ముస్తాబు మాట్లాడుకోవడానికి తల్లీ కూతుళ్ళు వీధి చివరి బ్యూటీ పార్లరుకు వెళ్ళారు. అక్కడి మనిషి అమ్మాయి ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ముక్కు దూలం జర అణిగినట్టు ఉందక్కా. ఫిల్లర్ పెట్టిస్తే ఫోటోలల్ల మంచిగ కనబడుతది. అరగంట పని" అన్నది. తల్లి సందేహించింది. "నొప్పి ఉంటదా?" అని అడిగింది. "కత్తి గాదు గదక్కా, సూదే గదా!" అని జవాబు వచ్చింది.

ఇది కల్పించి చెప్పిన సన్నివేశమే. కాని ఇటువంటి మాటలు నేడు ఏ ఊరిలోనైనా, ఏ ఇంటనైనా వినిపించవచ్చు. ఒకప్పుడు సినిమా తారలకే పరిమితమనుకున్న ఈ చికిత్స సామాన్య కుటుంబాల గడప దాకా వచ్చింది. అందుచేత "సూదే గదా" అన్న ఆ రెండు మాటలలో నిజమెంతో, పొరపాటెంతో నిదానంగా తెలుసుకోవడం అవసరం.

చర్మం లోపలి నేత

మన చర్మంలో పైకి కనిపించే పలుచని పొర కింద మరొక మందమైన పొర ఉంటుంది. దానికి బలమిచ్చేది కొల్లాజెన్ అనే మాంసకృత్తు. సాగి మళ్ళీ యథాస్థితికి వచ్చే గుణాన్నిచ్చేది ఎలాస్టిన్. పడుగూ పేకల వలె అల్లుకున్న ఈ పోగుల నడుమ జిగురు వంటి ఒక పదార్థం నీటిని పట్టి ఉంచుతుంది. దాని పేరు హయలూరానిక్ ఆమ్లం. ఆమ్లమన్న పేరు విని భయపడనక్కరలేదు. అది చక్కెర జాతికి చెందిన పొడవైన గొలుసు. డెబ్భై కిలోల బరువున్న మనిషి శరీరంలో ఇది సుమారు 15 గ్రాములుంటుంది. అందులో దాదాపు మూడవ వంతు ప్రతిదినం కరిగిపోయి, మళ్ళీ కొత్తగా తయారవుతుంది.

వయసు పెరిగే కొద్దీ ఈ పోగులు పలుచబడతాయి. జిగురు తగ్గుతుంది. చర్మం కింద మెత్తలా ఉండే కొవ్వు అక్కడక్కడ కరుగుతుంది. దవడ ఎముక, కంటి గుంట అంచు కూడా కొంత అరిగిపోతాయి. ఎండ, పొగాకు ఈ మార్పులను త్వరపెడతాయి. ముక్కు పక్క నుండి పెదవి కొస దాకా దిగే గీతలు లోతవుతాయి. బుగ్గలు పీక్కుపోతాయి.

ఈ లోటును బయటి పదార్థంతో పూడ్చడమే ఫిల్లర్ చేసే పని. దీనిని బోటాక్స్‌తో కలిపి ఒకటిగా భావించేవారు చాలామంది ఉన్నారు. అవి రెండూ వేరు. బోటాక్స్ కండరాన్ని కొంతకాలం సడలించి, నుదురు చిట్లించినప్పుడు పడే మడతలను తగ్గిస్తుంది. ఫిల్లర్ కండరం జోలికి పోదు. అది ఖాళీని నింపుతుంది. ఒక సిరంజిలో సాధారణంగా ఉండేది ఒక మిల్లీలీటరు జెల్. అంటే టీ చెంచాలో ఐదవ వంతు. ఇంత స్వల్పమైన పదార్థం ముఖాకృతిని మార్చగలదంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఇంత స్వల్పమైన పదార్థమే ప్రమాదం కూడా తేగలదు.

మైనం నుండి జెల్ దాకా

ముఖంపై పడిన గుంటలను నింపాలన్న కోరిక కొత్తది కాదు. జర్మనీకి చెందిన శస్త్రవైద్యుడు ఫ్రాంజ్ నాయ్‌బర్ 1893లో రోగి చేతి నుండి తీసిన కొవ్వుతో, ముఖంపై వ్యాధి మిగిల్చిన గుంటలను పూడ్చాడు. రోగి సొంత కొవ్వే కనుక శరీరం దానిని తోసిపుచ్చలేదు. 1899లో వియన్నా వైద్యుడు రాబర్ట్ గెర్సూనీ మరొక మార్గం తొక్కాడు. వాజెలైన్ వంటి పారఫిన్ పదార్థాలను సూదితో ఎక్కించాడు. పని సులువు, ఫలితం తక్షణం. ఇక వైద్యులే కాక, వైద్యం తెలియనివారు కూడా మైనం సూదులు పట్టుకున్నారు.

కొన్నేళ్ళు గడిచాక అసలు సంగతి బయటపడింది. మైనం పెట్టినచోట నిలువలేదు. చర్మం కింద జారి, గట్టి గడ్డలుగా మారింది. పుండ్లు పడ్డాయి. సౌందర్యానికి ఐరోపా అంతటా పేరుపొందిన గ్లాడిస్ డీకన్ కథ ఇందుకు తార్కాణం. తరువాత మార్ల్‌బరో డ్యూకును వివాహమాడిన ఈమె, యువతిగా ఉన్నప్పుడు ముక్కు దూలం తీరుగా కనబడాలని మైనం ఎక్కించుకున్నది. ఆ మైనం కిందికి జారి ఆమె ముఖసౌందర్యాన్ని శాశ్వతంగా చెరిచింది. గోడాదరాలోని ఆ పెళ్ళికూతురు కోరిన మార్పునే శతాబ్దానికి పూర్వం ఆమె కూడా కోరుకున్నది.

మైనం తరువాత ద్రవరూప సిలికోన్ వచ్చింది. అదీ అదే పాఠం నేర్పింది. శరీరాకృతిని పెంచడానికి సిలికోన్ సూదులు వేయించుకోవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017లో ప్రజలను హెచ్చరించవలసి వచ్చింది. 1981లో ఆవు చర్మం నుండి తీసిన కొల్లాజెన్‌కు ఆ సంస్థ అనుమతి ఇచ్చింది. అది కొన్ని నెలలలో కరిగిపోయేది. నూటికి సుమారు ముగ్గురికి పడకపోవడం వల్ల ముందుగా ముంజేతిపై పరీక్ష చేయవలసి వచ్చేది.

నేడు విరివిగా వాడుకలో ఉన్న హయలూరానిక్ ఆమ్లాన్ని 1934లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే శాస్త్రజ్ఞులు ఎద్దు కంటిలోని ద్రవం నుండి మొదటిసారి వేరు చేశారు. గ్రీకు భాషలో హయలోస్ అంటే గాజు. ఆ ద్రవం గాజులా స్వచ్ఛంగా ఉండడం వల్ల ఆ పేరు వచ్చింది. ఈనాటి ఫిల్లర్లకు దీనిని చాలావరకు బాక్టీరియా సాయంతో పులియబెట్టి తయారు చేస్తున్నారు. ఉన్నదున్నట్లు ఎక్కిస్తే శరీరం ఒకటి రెండు రోజులలోనే దానిని కరిగించివేస్తుంది. కనుక గొలుసులను రసాయనికంగా ఒకదానితో ఒకటి ముడివేసి జెల్‌గా చేస్తారు. ఇటువంటి జెల్ 1996లో ఐరోపాలోను, 2003లో అమెరికాలోను అమ్మకానికి అనుమతి పొందింది. తయారైన రకాన్ని బట్టి, పెట్టిన చోటును బట్టి ఇది సుమారు ఆరు నెలల నుండి రెండేళ్ళ వరకు నిలుస్తుంది.

ఈ జెల్‌కు మరొక విశేషముంది. దీనికి విరుగుడు ఉంది. హయలూరానిడేజ్ అనే ఎంజైమును సూదితో ఎక్కిస్తే జెల్ గంటల వ్యవధిలో కరిగిపోతుంది. మైనానికి గాని, సిలికోన్‌కు గాని ఈ సౌకర్యం లేదు. కాల్షియం హైడ్రాక్సిలపటైట్, పాలీలాక్టిక్ ఆమ్లం, పి.ఎం.ఎం.ఎ. రేణువులు మొదలైన ఇతర ఫిల్లర్లకు కూడా ఇటువంటి విరుగుడు లేదు. ఫిల్లర్ల చరిత్ర నేర్పే పాఠం ఇదే: పెట్టగలగడం కంటె, అవసరమైతే తీయగలగడం ముఖ్యం.

మేలు ఎవరికి?

ఫిల్లర్లు కేవలం విలాస వస్తువులనడం న్యాయం కాదు. వాటి అవసరాన్ని స్పష్టంగా చూపినవారు హెచ్.ఐ.వి. రోగులు. తొలినాటి మందులలో కొన్ని, ముఖ్యంగా స్టావుడిన్, ప్రాణం నిలిపాయి గాని బుగ్గలలోని కొవ్వును కరిగించివేశాయి. పీక్కుపోయిన ముఖమే వ్యాధిని నలుగురిలో చాటేది. మన దేశంలోనూ ఈ మందు చాలా ఏళ్ళు విస్తృతంగా వాడుకలో ఉండేది. అటువంటివారి బుగ్గలను పూడ్చడానికి పాలీలాక్టిక్ ఆమ్లానికి అమెరికాలో 2004లో అనుమతి లభించింది. ముఖం నిండాక మళ్ళీ పనికి, పదిమందిలోకి వెళ్ళగలిగిన మనిషికి ఆ చికిత్స అలంకారం మాత్రమే కాదు.

మొటిమలు మిగిల్చిన కొన్ని రకాల గుంటలు, గాయం వల్ల ముఖంలో ఏర్పడిన హెచ్చుతగ్గులు, కళ్ళ కింది లోతు, నోటి పక్క గీతలు, ముసలితనంలో పలుచబడిన చేతి వెనుక భాగం, వీటన్నిటికీ నేర్పుగల చేతిలో ఫిల్లర్ మంచి ఫలితమిస్తుంది. మత్తుమందు ఇచ్చి పడుకోబెట్టనక్కరలేదు. చాలామంది మరునాడే పనిలోకి వెళ్ళగలుగుతారు.

అయితే దీనికి హద్దులున్నాయి. బాగా వేలాడిన చర్మాన్ని ఇది పైకి లాగలేదు. చర్మం రంగును మార్చలేదు. ఒక్కసారితో తీరే ఖర్చూ కాదు. కరిగిన తరువాత మళ్ళీ పెట్టించుకోవలసిందే.

సూది ఎక్కడికి పోతుంది?

సూది వేసినచోట ఎరుపు, వాపు, నొప్పి, కమిలిన మచ్చ సాధారణం. ఇవి ఎక్కువగా కొన్ని రోజులలో, కొందరిలో రెండు వారాలలో తగ్గుతాయి. జెల్ చర్మానికి మరీ దగ్గరగా పడితే గడ్డగా తగలవచ్చు, లేదా నీలి ఛాయగా కనిపించవచ్చు. పెదవులపై లోగడ పొక్కులు వచ్చినవారికి అవి తిరగబెట్టవచ్చు. మన వంటి చామనచాయ శరీరాలలో సూది గుచ్చినచోట నల్లమచ్చ మిగలడం కూడా కద్దు. వారాలు, నెలలు గడిచాక సూక్ష్మజీవుల వల్లనో, శరీరం ఎదురుతిరగడం వల్లనో గడ్డలు లేచిన సందర్భాలు ఉన్నాయి.

వీటన్నిటినీ మించిన ప్రమాదం వేరే ఉంది. ముఖం నిండా రక్తనాళాలు చిక్కగా అల్లుకుని ఉంటాయి. సూది మొన తెలియకుండా ఒక ధమనిలో దిగి, జెల్ దానిలోకి పోతే రక్తప్రవాహం ఆగుతుంది. ఆ నాళంపై ఆధారపడిన చర్మానికి రక్తం అందదు. ముందు తెల్లబడుతుంది, తరువాత వలలాంటి నీలి చారలు తేలుతాయి. తక్షణం చికిత్స అందకపోతే ఆ భాగం నల్లబడి కుళ్ళిపోతుంది.

అన్నిటి కంటె భయంకరమైనది కన్ను పోవడం. ముక్కు దూలం మీద, కనుబొమల నడుమ ఉన్న సన్నని ధమనులు లోపల కంటికి రక్తమిచ్చే ధమనితో కలిసి ఉంటాయి. సిరంజిని గట్టిగా నొక్కినప్పుడు ఆ ఒత్తిడికి జెల్ ప్రవాహానికి ఎదురు నడిచి కంటి వైపు పోవచ్చు. ఒత్తిడి తీయగానే రక్తంతో పాటు ముందుకు సాగి, కంటి వెనుక ఉన్న దృష్టిపొరకు రక్తం అందకుండా అడ్డుపడుతుంది. చూపు క్షణాలలో పోతుంది. కొందరిలో జెల్ మెదడు వరకు పోయి పక్షవాతం కలిగించింది.

ఇటువంటి సంఘటనలు అరుదు. లక్షలాది మంది ఏ కీడూ లేకుండా ఫిల్లర్లు వేయించుకుంటున్నారు. కాని అరుదైన కీడు కూడా తిరిగిరాని కీడైనప్పుడు దానిని లెక్కలోకి తీసుకోకతప్పదు. ఫిల్లర్ వల్ల చూపు దెబ్బతిన్న 98 మంది వివరాలను 2015లో ప్రచురితమైన ఒక సమీక్ష ప్రపంచ వైద్యసాహిత్యం నుండి సేకరించింది. 2019లో అదే పరిశోధక బృందం మరో 48 మందిని గుర్తించింది. ఈ 48 మందిలో సగానికి పైగా సూది వేయించుకున్నది ముక్కు ప్రాంతంలోనే. "ముక్కు దూలం జర ఎత్తు చేద్దాం" అన్న మాట ఎంత తేలికైనదో దీనిని బట్టి ఊహించవచ్చు.

రక్తం అందక గంటన్నర దాటితే దృష్టిపొర కోలుకునే ఆశ వేగంగా సన్నగిల్లుతుందని జంతువులపై జరిగిన పరిశోధనలు తెలిపాయి. చర్మానికి రక్తం ఆగినప్పుడు విరుగుడు మందును వెంటనే, తగినంత మోతాదులో ఇస్తే చాలావరకు గండం గడుస్తుంది. కంటి విషయంలో అంత ధీమా లేదు. పోయిన చూపు తిరిగి వచ్చినవారు కొద్దిమందే. కనుక సూది పడుతున్నప్పుడు గాని, పడిన తరువాత గాని తీవ్రమైన నొప్పి, చర్మం పాలిపోవడం, చూపు మసకబారడం, కన్ను నొప్పి, మాట తడబడడం వీటిలో ఏది కనిపించినా "రేపు చూద్దాం" అనరాదు. అప్పటికప్పుడే వైద్యుని వద్దకు, చూపు సంగతైతే పెద్ద ఆసుపత్రికి పరుగెత్తవలసిందే.

ఎవరు వేయాలి? ఎవరు వేయించుకోరాదు?

సూదిని నొక్కడం ఎవరైనా నాలుగు రోజులలో నేర్చుకోవచ్చు. ఏ ధమని ఏ లోతున ఉన్నదో, చర్మం పాలిపోగానే ఏమి చేయాలో నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది. ఈ పనికి తగినవారు చర్మవైద్యంలో ఎం.డి. పట్టం గాని, ప్లాస్టిక్ సర్జరీలో ఉన్నత పట్టం గాని పొంది, ఫిల్లర్లలో ప్రత్యేక శిక్షణ తీసుకున్న వైద్యులు. వారి పేరు రాష్ట్ర వైద్య మండలి జాబితాలో ఉండాలి. అర్హత లేకుండా వైద్యం చేసేవారికి జాతీయ వైద్య కమిషన్ చట్టం, 2019 ఒక ఏడాది వరకు ఖైదు గాని, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధిస్తుంది. సూదికి బదులు ఒత్తిడితో జెల్‌ను చర్మంలోకి నెట్టే "పెన్నులు" కూడా అమ్మకానికి వచ్చాయి. వాటిని వాడవద్దని అమెరికా సంస్థ 2021లో హెచ్చరించింది.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఫిల్లర్ జోలికి పోకపోవడమే క్షేమం. వారి విషయంలో తగిన పరీక్షలు జరగలేదు. సూది వేయవలసినచోట పుండు, చీము, మొటిమలు ఉన్నప్పుడు, పంటి చీము ఉన్నప్పుడు ఆగవలసిందే. తీవ్రమైన ఎలర్జీలు గలవారు, రక్తం త్వరగా గడ్డకట్టనివారు, గాయం మానినచోట కండ పెరిగే స్వభావం గలవారు ముందుగానే వైద్యునికి చెప్పాలి. ఆస్పిరిన్ వంటి మాత్రలు వాడేవారికి కమిలిన మచ్చలు ఎక్కువ. అయితే గుండెజబ్బుకు ఇచ్చిన మాత్రను తమంతట తాము మానడం ప్రాణాపాయం. అమెరికాలో ఈ ఫిల్లర్లకు సాధారణంగా 22 ఏళ్ళు, ఆపైబడిన వయసువారికే అనుమతి ఉంది.

నాలుగు ప్రశ్నలు

సూది వేయించుకోదలచినవారు ముందుగా వైద్యుని నాలుగు ప్రశ్నలు అడగాలి. అడిగినందుకు మంచి వైద్యుడు కోపగించుకోడు.

ఒకటి: ఎక్కిస్తున్నది ఏ పదార్థం? సీలు వేసిన సిరంజిని కళ్ళ ముందు తెరవాలి. పెట్టెమీది పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ రాసి ఇవ్వాలి. తరువాత ఎప్పుడు ఇబ్బంది వచ్చినా ఆ చీటీయే ఆధారం.

రెండు: దీనిని మళ్ళీ తీయవచ్చునా? మొదటిసారి వేయించుకునేవారు కరిగించగల జెల్‌తో సరిపెట్టుకోవడం వివేకం.

మూడు: విరుగుడు మందు ఇప్పుడు, ఈ గదిలో ఉన్నదా? "తెప్పిస్తాం" అన్న జవాబు చాలదు.

నాలుగు: రాత్రివేళ ఇబ్బంది వస్తే ఎవరికి ఫోను చేయాలి? కన్నుకు అపాయం వస్తే ఏ ఆసుపత్రికి పంపుతారు?

ఈ నాలుగింటికీ తడుముకోకుండా జవాబు చెప్పలేనిచోట, రుసుము ఎంత తక్కువైనా, అది తక్కువ ఖర్చు కాదు.

ఇక గోడాదరాలోని ఆ తల్లి వద్దకు తిరిగి వద్దాం. పార్లరు గడపలో నిలబడి ఆమె ఆలోచిస్తున్నది. ఆమెకు దారులు లేకపోలేదు. ఆ పేటకు దగ్గరలోనే ఉమర్‌వాడాలో నగరపాలక సంస్థ నడిపే స్మీమెర్ ఆసుపత్రి ఉంది. సూరతులో ప్రభుత్వ వైద్యకళాశాలకు అనుబంధమైన న్యూ సివిల్ ఆసుపత్రి ఉంది. చర్మవిభాగంలో ఒక పూట వరుసలో కూర్చుంటే నిపుణుల సలహా లభిస్తుంది. ముక్కుపై సూది అన్నిటి కంటె ప్రమాదకరమైన వాటిలో ఒకటని అక్కడ ఆమెకు తెలియవచ్చు. పెళ్ళికి ఇరవై రోజులున్నప్పుడు మొదటిసారి ఇటువంటి ప్రయోగానికి పూనుకోవడం తగదని, వాపుకు, మచ్చకు, పొరపాటు దిద్దుకోవడానికి వ్యవధి ఉండాలని కూడా తెలియవచ్చు. పెళ్ళయిన తరువాత, అమ్మాయికి అప్పటికీ ఆ కోరిక నిలిచి ఉంటే, తొందరలేని వేళ, తగిన వైద్యుని వద్ద ఆలోచించుకోవచ్చు. ఆ నిర్ణయం ఆ అమ్మాయిది. పార్లరు మనిషిది కాదు, మగపెళ్ళివారిది అంతకన్నా కాదు.

సాంచా మీద పోగు తెగితే మరను ఆపి ముడివేస్తారు, మళ్ళీ నడుపుతారు. ఆ సంగతి నేతవారి ఇంట పుట్టిన పిల్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. ముఖం విషయంలో అన్ని పొరపాట్లకూ అటువంటి ముడి దొరకదు. "సూదే గదా" అని ఎవరైనా అన్నప్పుడు, "అవును, సూదే. అది ఎవరి చేతిలో ఉంది? పొరపాటు జరిగితే తీసే మందు ఎక్కడ ఉంది?" అని అడగగలిగిన తల్లి తన బిడ్డకు పెట్టవలసిన నగలలో అతి విలువైనది పెట్టినట్లే.